నెగిషి కారు, కొగురె మేస్త్రి మూడు పళ్ళు

మా నెగిషికి ఒకే ఒక్క గుణం ఉంది. ప్రమాదం వచ్చిందని చెబుతాడు. పోయిందని మాత్రం చచ్చినా చెప్పడు.

ఈ గుణం మామూలు మనిషికి ఉంటే వాడి పెళ్ళాం ఒక్కతే బాధపడుతుంది. నెగిషికి ఉండటం వల్ల ఊరు ఊరంతా బాధపడింది. ఎందుకంటే మా కమినోసావా టౌను ఆఫీసులో మైకు ముందు కూర్చుని ఊరికి హెచ్చరికలు చదవడమే వాడి ఉద్యోగం. వీధికో స్తంభం, స్తంభానికి నాలుగు మైకులు. కొండ మీంచి ఎలుగుబంటి దిగినా, ఏటికి నీళ్ళొచ్చినా, మతిమరుపు ముసలమ్మ ఎవరైనా చెప్పులేసుకుని బయల్దేరినా, వినిపించేది వాడి గొంతే. ముప్ఫై ఒక్క ఏళ్ళు.

"ప్రజలందరికీ తెలియజేయడమేమనగా..." అని మొదలుపెట్టి, ఆ "గా" దగ్గర అర నిమిషం ఆగేవాడు. ఆ అర నిమిషంలో మా వీధిలో ఇద్దరికి బీపీ వచ్చింది.

ఒక అక్టోబరులో బడి వెనక కాకీ పళ్ళ చెట్టెక్కింది ఎలుగుబంటి. పళ్ళు తింది, గంటలో కొండెక్కి వెళ్ళిపోయింది. నెగిషి పొద్దున ఎనిమిదింటికి, "ఎలుగుబంటి వచ్చినది. ఎవరూ ఇళ్ళలోంచి రాకూడదు" అని చదివాడు. అంతే. నాలుగు రోజులు ఊళ్ళో ఒక్క తలుపు తెరుచుకోలేదు. ఐదో రోజు ఊరి పెద్ద వాడి బల్ల దగ్గరికొచ్చి బతిమాలాడు.

"అది వెళ్ళిపోయిందిగా, ఆ ముక్క కూడా చెప్పవయ్యా."

"వెళ్ళిపోయిందని తమరు చూశారా?"

"వేటగాళ్ళు చూశారయ్యా."

"వెళ్ళినదీ వచ్చినదీ ఒకటేనని వేటగాళ్ళు రాసిస్తారా?"

రాసివ్వలేదు. వీడూ చదవలేదు. నాది టోఫు కొట్టు. నాలుగు రోజుల టోఫు మా ఇంట్లోనే తిన్నాం. ఎలుగుబంటి మాటెత్తితే మా ఆవిడ ఇప్పటికీ ఎలుగుబంటిని తిట్టదు, నెగిషిని తిడుతుంది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి అది. సిస్టర్ల బళ్ళో వాడూ నేనూ ఒకే బెంచీ. సిస్టర్ అరగంట సేపు స్వర్గం గురించి కళ్ళు మూసుకుని వర్ణించి, "ఏమైనా అడుగుతారా పిల్లలూ?" అంటే వాడు చెయ్యెత్తి, "అక్కడ వానొస్తే కారుతుందా సిస్టర్?" అన్నాడు.

ఇలాంటివాడు రిటైరయ్యాడు. టౌను ఆఫీసువాళ్ళు వీడ్కోలు కానుకగా చేతి మైకు ఒకటి ఇచ్చారు. బుద్ధిలేని పని. పులికి పళ్ళూడాయని ఇనపపళ్ళు కట్టించినట్టయింది. మా ఊళ్ళో రిటైరైనవాళ్ళు సోబా నూడుల్స్‌కి పిండి పిసకడం నేర్చుకుంటారు, లేకపోతే కుక్కను పెంచుతారు. నెగిషి ఆరు నెలలు ఇంట్లో కూర్చుని, సెప్టెంబరులో ఒకరోజు హైవే పక్కన రంగురంగుల జెండాలు కట్టిన పాత కార్ల దుకాణానికి వెళ్ళి, ఎర్రటి స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. రెండే సీట్లు. ఇరవై ఆరేళ్ళ వయసు. మీట నొక్కితే బానెట్‌లోంచి దీపాలు కనురెప్పల్లా పైకి లేస్తాయి. ఎడమది కాస్త బద్ధకంగా లేస్తుంది. అందుకని ఆ కారు ఎదురుపడ్డ ప్రతి ఆడమనిషికీ కన్నుకొట్టేది.

"ఏమిటి వదినా ఇది?" అన్నాను వాళ్ళావిడ సదాయేతో.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన ఊరిని భయపెట్టారు. ఇప్పుడు ఒక కారు ఆయన్ని భయపెడుతుంది. లెక్క సరిపోతుందిలెండి" అంది ఆవిడ చల్లగా.

మర్నాడే నన్ను ఎక్కించుకుని కొండదారి పట్టాడు. మొదటి మలుపు తిరగ్గానే మొహం పాలిపోయింది.

"విన్నావా?"

"ఏమిటి?"

"టక్ అంది."

"నేను సీటు బెల్టు పెట్టుకున్నాను."

"అది కాదురా యసూ. ఎడమకి తిప్పితే టక్. కుడికి తిప్పితే టక్కు టక్. ఇంజన్ లోపల ఏదో విరిగింది. మూడు రోజులు. మహా అయితే నాలుగు."

కారు ఆపాడు. బానెట్ ఎత్తాడు. రోగి మంచం పక్కన నిలబడ్డట్టు చేతులు కట్టుకు నిలబడ్డాడు. నన్ను డాష్‌బోర్డు అరలో తల పెట్టి వినమన్నాడు. పెట్టాను. పాత మాన్యువల్ పుస్తకం వాసన తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ బయల్దేరితే మళ్ళీ టక్. పదకొండు మలుపులు, పదకొండు మరణవార్తలు. పన్నెండో మలుపు దగ్గర నా సీటు కిందనుంచి తెల్లటి గోల్ఫు బంతి దొర్లుకుంటూ వచ్చి నా బూటు పక్కన ఆగింది. వెనకటి యజమానిది.

నేను నవ్వాను. నెగిషి నవ్వలేదు. బంతిని వేళ్ళతో పట్టుకుని ఎండకెత్తి చూశాడు. "ఇవాళ్టికి బంతి. రేపటికేముందో ఎవరు చూశారు?" అన్నాడు.

ఇక్కడ కొగురె మేస్త్రి గురించి చెప్పాలి. చెప్పకపోతే కథ ముందుకు కదలదు. పైగా నా తప్పు కూడా ఒకటి ఆయన దగ్గరే ఉంది.

కొగురె మేస్త్రికి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆయన షెడ్డు మీద పసుపుపచ్చ బోర్డు ఉంటుంది, బండ్లు విప్పి బాగుచెయ్యటానికి సర్కారువారి అనుమతి ఉందని. ఆ బోర్డు కన్నా ఆయన చెవులు గొప్పవి. బస్సు ఇంకా రెండు మలుపుల అవతల ఉండగానే, టీ తాగుతూ, "వెనక కుడి చక్రం, లోపలి నట్టు" అనేవాడు. బస్సు వచ్చాక చూస్తే వెనక కుడి చక్రం, లోపలి నట్టే. ఒకసారి మా ఆవిడ షెడ్డు ముందు నిలబడి నవ్వితే, విని, "అమ్మాయ్, పిత్తాశయంలో రాళ్ళున్నాయి, చూపించుకో" అన్నాడు. ఆస్పత్రికి వెళ్ళాం. ఉన్నాయి. మూడు.

అలాంటి చెవులు రెండేళ్ళలో పోయాయి. చెవిలో పెట్టుకునే మిషను ఈల వేసేది తప్ప మాట చెప్పేది కాదు. అయినా మానలేదు ఆయన. ఏప్రిల్‌లో నా టోఫు వ్యాను రెండేళ్ళకోసారి జరిగే సర్కారు తనిఖీ కోసం ఆయనకిచ్చాను. చూసి, బాగుందని తనిఖీ చేయించుకొచ్చి అద్దానికి కొత్త చీటీ అంటించాడు. మర్నాడు పొద్దున ముందు చక్రం దగ్గర గుర్రుమని చప్పుడు. నేను వెర్రివాడిలా తిన్నగా ఆయన దగ్గరికే వెళ్ళి, కాగితం మీద "చప్పుడొస్తోంది" అని రాసి చూపించాను. ఆయన చక్రం పైకెత్తి, చేత్తో తిప్పి, దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉండిపోయాడు.

"ఇది నిన్న కూడా ఉండి ఉంటుంది" అన్నాడు.

నేను తలూపాను. ఊపకుండా ఉండాల్సింది.

"నాకు వినపడలేదు" అన్నాడు.

చక్రం బాగుచేసి ఇచ్చాడు. ఆ మధ్యాహ్నమే షట్టర్ దించేశాడు. అప్పట్నుంచీ ముందుగదిలో కూర్చుని మూగ టీవీలో సుమో కుస్తీలు చూస్తుండేవాడు. పోటీలు లేని నెలల్లో పాత పోటీలు. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన కుస్తీ చూసే మనిషి మొహం ఎలా ఉంటుందో మీరెప్పుడైనా చూశారా? నేను టోఫు ఇచ్చినప్పుడల్లా చూశాను.

ఆ మూసిన షట్టర్ ముందుకి నెగిషి కారు తీసుకెళ్ళాడు. ఒక ఆదివారం పొద్దున. చేతి మైకు తీశాడు.

"కొగురె మేస్త్రి గారికి తెలియజేయడమేమనగా... నా కారు చావుబతుకుల్లో ఉన్నది!"

వీధిలో పావురాలన్నీ లేచిపోయాయి. అప్పుడు తెలిసింది మాకు, మేస్త్రికి వినపడే గొంతు ఊరు మొత్తానికి ఒక్కటే ఉందని.

"చావనీ" అని లోపల్నుంచి జవాబొచ్చింది. "ఏ కారు చావదు? పెద్ద షోరూముకి పట్టుకుపో."

"వాళ్ళు కంప్యూటర్ తగిలిస్తారు. అది అంతా బాగుందంటుంది. అంతా బాగుందనేవాణ్ణి నేను నమ్మను!"

"నాకు వినపడదు, పో!"

"ఎర్ర కారు మేస్త్రీ గారూ! రెండు సీట్లది! కళ్ళు పైకి లేస్తాయి!"

షట్టర్ జానెడు లేచింది. కింద రెండు చెప్పులు కనిపించాయి. ఇంకో మూరెడు లేచింది. మోకాళ్ళు. ఆ మోకాళ్ళు కారు వైపు తిరిగి కాసేపు ఆలోచించాయి. తర్వాత మిగతా మనిషి వచ్చాడు.

పొడుగాటి స్క్రూడ్రైవరు ఒకటి ఉండేది ఆయనకు. దాని మొన ఇంజన్ మీద ఆనించి, చెక్కపిడి చెవికి పెట్టుకుని వినేవాడు. ఆ రోజు కూడా అలవాటుగా చెవిదాకా ఎత్తి, చటుక్కున ఆపాడు. నేను మొహం తిప్పుకున్నాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, నోట్లోంచి పళ్ళసెట్టు తీసి, "పట్టుకో" అని నా చేతిలో పెట్టాడు. ఆ సెట్టు వెనక దాక్కుని ఆయన సొంత పళ్ళు మూడున్నాయి. ఆ మూడింటితో పిడిని కరిచి పట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"ఎమ్ముగ్గోంచి వత్తుంది" అన్నాడు. చప్పుడు ఎముకలోంచి వస్తుందని అర్థం. పళ్ళసెట్టు పెట్టుకున్నాక, "నాలుగో ప్లగ్గు వైరు ఊడింది" అన్నాడు.

చూస్తే నిజంగానే ఊడింది. నొక్కితే కారు పిల్లిలా గుర్రుపెట్టింది. నెగిషి మైకులో, "ఇంతటితో అయిపోయిందనుకోకూడదు!" అని ప్రకటించాడు.

"విను" అన్నాడు మేస్త్రి. "ఇదే ఆఖరి కారు. నవంబరు ఆఖరికి దీని తనిఖీ గడువు. ఏ లోపమూ లేకుండా నా చేత్తో తనిఖీకి ఇచ్చిన రోజు బోర్డు దించి సర్కారుకి తిరిగిచ్చేస్తాను. వినలేని మేస్త్రికి బోర్డెందుకు?"

అప్పట్నుంచి ప్రతి ఆదివారమూ ఆ కారుకి కొత్త జబ్బే. ఓ వారం ఊపిరాడలేదు. గాలి గొట్టం ఊడిపోయింది. ఓ వారం పక్షవాతం; యాక్సిలరేటర్ తీగ పట్టేసింది. ఓ వారం జ్వరం, ఓ వారం వాంతులు. ప్రతిసారీ నెగిషి మైకు, ప్రతిసారీ నా అరచేతిలో తడితడి పళ్ళసెట్టు. కారు జబ్బుల జాతకం వీధి మొత్తానికి కంఠతా వచ్చింది. మంగలి షాపులో పందేలు కూడా కట్టుకునేవారు, ఈ వారం గుండా, ఊపిరితిత్తులా అని.

నవంబరు మొదటి ఆదివారం కారు అసలు స్టార్టే కాలేదు. దగ్గి, ఎక్కిళ్ళు పెట్టి, ఆగిపోయేది. "ఇక లేదు యసూ" అన్నాడు నెగిషి, కారు మీద చెయ్యి వేసి. "ధూపం కడ్డీలు తెచ్చుకో." మేస్త్రి స్క్రూడ్రైవరు కరిచి విని, వెనక్కి వెళ్ళి, సైలెన్సర్ గొట్టంలో కటింగ్‌ప్లయర్ పెట్టి ఏదో లాగాడు. బూడిదరంగు, మెత్తన, వణుకుతోంది. గబుక్కున జేబులో వేసుకున్నాడు.

"ఏం దొరికింది మేస్త్రీ గారూ?" అన్నాడు నెగిషి మైకులో.

"మసి. గడ్డకట్టింది" అన్నాడు మేస్త్రి గంభీరంగా.

టోఫుతో పాటు నేను కొన్యాకు కూడా అమ్ముతాను. దుంపపిండి ఉడకబెట్టి, నా చేత్తో దిమ్మలు కోస్తాను. లోకంలో మసి ఎన్ని రకాలుగానైనా గడ్డకట్టవచ్చు. నేను కోసిన కొలతల్లో మాత్రం గడ్డకట్టదు.

తర్వాతి ఆదివారం పొద్దున్నే టోఫు వెయ్యటానికి వెళ్తుంటే, నెగిషి ఇంటి వెనక బానెట్ ఎత్తి ఉంది. బానెట్ కింద వాడి పిరుదులు కనిపిస్తున్నాయి.

"ఏం చేస్తున్నావురా?"

తల టంగుమని బానెట్‌కి కొట్టుకుంది. "మెల్లిగా మాట్లాడరా!"

"ఆ మాట నువ్వా చెప్పేది? గొట్టమెందుకు ఊడదీస్తున్నావు?"

దొంగ దొరికినట్టు నిలబడ్డాడు. తర్వాత కారు అంచు మీద కూలబడ్డాడు. "ఏం చెయ్యమంటావురా? ఈ దరిద్రపుదానికి ఏ రోగమూ లేదు. గోల్ఫు బంతి తప్ప ఒక్క లోపం లేదు. గుర్రంలా ఉంది. వెతికీ వెతికీ విసుగొచ్చింది. ఇంత ఆరోగ్యంగా ఉంటుందని తెలిస్తే అసలు కొనేవాణ్ణే కాదు!"

"మరి..."

"ఇది బాగుంటే మేస్త్రి తనిఖీకి ఇచ్చేస్తాడు. ఇచ్చాక బోర్డు దించుతాడు. దించాక మళ్ళీ ఆ టీవీ ముందు కూర్చుంటాడు. ఏప్రిల్ నుంచి ఆయన మొహం చూడలేదా నువ్వు? ఈ ఆదివారాల్లో ఎలా ఉంటున్నాడో చూడలేదా?" నా చొక్కా పట్టుకున్నాడు. "ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా ఆయనకి."

ముప్ఫై ఒక్క ఏళ్ళు వాడు భయపెట్టినప్పుడల్లా నేను వాణ్ణి తిట్టుకున్నాను. ఆ పొద్దున మాత్రం ఒక టోఫు దిమ్మ వాడి చేతిలో పెట్టి వచ్చేశాను. ఆ గొట్టం ఎంత అసహ్యంగా ఊడదీశాడో! చిన్నపిల్లాడు మామిడికాయ తెంపినట్టుంది.

అక్కణ్ణుంచి మేస్త్రి ఇంటికెళ్ళాను. ఆయన టీవీ కట్టేసి, నా ముందు ఒక పళ్ళెం పెట్టాడు. అందులో నల్లగా కమిలిన కొన్యాకు దిమ్మ.

"మీ కొట్లో ఒకటి తగ్గిందా యసూ?"

నేను నేల చూశాను.

"నాకు చెవులు పోయాయిగాని కళ్ళు పోలేదయ్యా. మొదటి వారం ప్లగ్గు వైరు మీద దుమ్ములో వాడి బొటనవేలు ముద్ర అచ్చుగుద్దినట్టుంది. వాడి పాడుచెయ్యడం ఎంత దరిద్రంగా ఉంటుందంటే, ముందు నేను దాన్ని సరిగ్గా పాడుచేసి, ఆ తర్వాత బాగుచేస్తున్నాను."

"మరెందుకు ఊరుకుంటున్నారు?" అని కాగితం మీద రాశాను.

"రిటైరైపోయాడు పాపం. చెప్పటానికి హెచ్చరికల్లేవు, వినటానికి ఊరు లేదు. కారు బాగుందని నేనంటే వాడు దేని గురించి ఏడుస్తాడు? నాలుగు వారాల్లో మంచం పడతాడు. ఆదివారం ఒక్కపూట ఆ మైకు పట్టుకుంటే వాడి మొహంలో రక్తం కనిపిస్తోంది. పోనీలే, నేనూ పళ్ళతో విన్నట్టు నటిస్తున్నాను. ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా వాడికి."

నా పెన్ను ఆగిపోయింది. నటనా? అంటే ఆ మూడు పళ్ళు...

"ఏమో" అన్నాడు మేస్త్రి, నేను రాయకముందే. "ఏదో జుమ్మంటుంది. అది ఇంజనో, నా తలకాయో ఎలా తెలుస్తుంది? రోగం ఎక్కడుందో ముందే కళ్ళతో చూసేశాక, పళ్ళు విన్నాయో లేదో ఎవరు చెప్పాలి? ఆట వేరు, బోర్డు వేరు యసూ. నీ వ్యాను చక్రం ఊడిపోయి ఉంటే? నిజం జబ్బుని నిజంగా పట్టలేనివాడు ఆ బోర్డు కింద నిలబడకూడదు. ఇప్పటికే మూడు మరలు తీసేశాను. నాలుగోది ఆఖరి ఆదివారం."

బయటికొచ్చి చూశాను. పసుపు బోర్డు ఒక్క మర మీద వేలాడుతూ, గాలికి పక్కకి ఒరుగుతోంది.

ఒప్పుకోలు విన్నవాడు నోరు మెదపకూడదని సిస్టర్లు చిన్నప్పుడే నేర్పారు. ఇద్దరి ఒప్పుకోళ్ళు ఒకే పొద్దున వినేవాడు ఏం చెయ్యాలో నేర్పలేదు. వీడు ఆయన్ని బతికిస్తున్నాననుకుంటున్నాడు. ఆయన వీణ్ణి బతికిస్తున్నాననుకుంటున్నాడు. మధ్యలో పళ్ళసెట్టు పట్టుకుని నేను చస్తున్నాను. వీడెన్ని జబ్బులు తెచ్చినా లాభం లేదు. దొంగ జబ్బులని ఆయనకు తెలుసు. ఆ మాట వీడికి చెప్పకూడదు. నాకు తిండి సయించలేదు. నెగిషిలాగే నాక్కూడా అన్నీ పోయినట్టే కనిపించాయి.

ఆఖరి ఆదివారం వచ్చింది. పొద్దున్నే సదాయే వదిన ఫోను. "మీరొకసారి రండి. ఈయన నేల మీద పడుకుని, ప్రజలందరికీ తెలియజేయడమేమనగా అంటున్నారు."

నెగిషి చాప మీద వెల్లకిలా ఉన్నాడు. నిన్న అన్నిటికన్నా పెద్ద జబ్బు చెయ్యబోయి నడుం పట్టేసింది. ఏమీ విప్పకుండానే పడిపోయాడు.

"అయిపోయింది యసూ. కారు ఈరోజు ఆరోగ్యంగా వెళ్తోంది."

"నేను చేసి వస్తాను ఆగు" అన్నాను. సిస్టర్లు క్షమింతురుగాక. వ్యానులోంచి కొన్యాకు తీసి కారు వెనక్కి వెళ్ళేసరికి, అక్కడ కొగురె మేస్త్రి ఉతికిన యూనిఫాం వేసుకుని, స్క్రూడ్రైవరు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నా చేతిలో దిమ్మ చూశాడు. నేను దాన్ని జేబులో పెట్టుకున్నాను. అది జేబులో వణికింది. నేనూ వణికాను.

"కొండదాకా నడిపి చూసి, తనిఖీకి ఇచ్చేద్దాం" అన్నాడాయన ఏమీ చూడనట్టు.

నెగిషిని లేపి, నడుముకి పట్టీ చుట్టి, స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాం. పక్క సీట్లో మేస్త్రి. వెనక నా టోఫు వ్యాను. కారు అందంగా వెళ్ళింది. అంత అందంగా వెళ్ళే కారు వెనక అంత దిగులుగా బండి నడిపినవాడు లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

మూడో మలుపు దాటాక ఎర్ర కారు పక్కకి తీసి ఆగింది. నేను దిగి పరుగెత్తాను. మేస్త్రి ఒక కాలి చెప్పు విడిచి, అరికాలు కారు నేలకి ఆనించి కూర్చున్నాడు.

"ముందువైపు ఏదో గొణుగుతోంది" అన్నాడు.

నెగిషి మొహం సున్నం కొట్టినట్టయింది. ఒళ్ళో ఉన్న మైకు తీశాడు. ఆ తర్వాత వాడి నోట్లోంచి నేను అరవై ఏళ్ళలో ఎన్నడూ వినని మాటలొచ్చాయి.

"ఏం లేదు మేస్త్రీ గారూ! అంతా బాగుంది! అంతా చాలా బాగానే ఉంది!"

"నీకు మతిపోయిందా?" అన్నాను వాడి చెవిలో.

వాడు మైకు దించి నావైపు వంగాడు. కళ్ళల్లో నీళ్ళు. "బానెట్ ఎత్తితే ఏమీ కనపడదురా! ఆయన భ్రమపడ్డానని తెలుసుకుంటాడు. అప్పుడింక బోర్డే కాదు, మనిషే మిగలడు. ఈరోజు నేనేం చెయ్యలేదు!"

కంగారులో బొటనవేలు మైకు మీట మీదే ఉండిపోయింది. "ఈరోజు నేనేం చెయ్యలేదు" అని కొండ అంతా ప్రకటించింది. అవతలి కొండ "చెయ్యలేదు, లేదు, లేదు" అని ధ్రువపరిచింది.

కొగురె మేస్త్రి వాడివైపు తిరిగాడు. "తెలుసురా" అన్నాడు. "అందుకే ఆపమన్నాను."

మేస్త్రి దిగి, బానెట్ ఎత్తి, పళ్ళసెట్టు తీసి ఈసారి వాడి చేతిలో పెట్టాడు. "పట్టుకో."

ఇంజన్ తిరుగుతోంది. ఆయన మూడు పళ్ళతో పిడిని కరిచి, మొనని ఒక్కో చోట ఆనిస్తూ వెళ్ళాడు. ఒకచోట ఆగాడు. అక్కణ్ణుంచి తీసి ఇంకోచోట పెట్టి, మళ్ళీ అక్కడికే వచ్చాడు. ఎర్రటి ఆకులు బానెట్‌లో పడుతున్నాయి. నెగిషి ఆ పళ్ళసెట్టుని గుడిలో ప్రసాదం పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. నేను జేబులో కొన్యాకు పిసికేస్తున్నాను.

ఆయన ఇంజన్ ఆపించాడు. బెల్టు వదులు చేసి, నీళ్ళ పంపు చక్రాన్ని వేళ్ళతో పట్టుకుని ఊపాడు. కదలకూడని చక్రం పాలపన్నులా అటూ ఇటూ ఊగింది. దాని కింద సన్నగా ఆకుపచ్చ నీటి చార. మొన్నటి ఆదివారానికి అది లేదు.

పళ్ళసెట్టు పెట్టుకుని, "నీళ్ళ పంపు బేరింగు పోయింది" అన్నాడు. "ఇంకో పది కిలోమీటర్లు పోతే పంపు బిగుసుకుని, బెల్టు తెగి, ఇంజన్ ఉడికిన బంగాళాదుంప అయ్యేది."

"నిజంగానా?" అన్నాడు నెగిషి. మైకు లేకుండా అడిగినా ఆయనకు అర్థమైంది.

"నిజంగానే."

"నిజంగానే పాడైందా?"

"పాడైందిరా."

నెగిషి నడుం సంగతి మరిచిపోయి ఎగిరాడు. "పాడైంది! యసూ, నా కారు పాడైందిరా!" అని నన్ను వాటేసుకున్నాడు. రెండో గంతుకి నడుం గుర్తొచ్చి అక్కడే వంగిపోయాడు. వంగినవాడు వంగినట్టే నవ్వుతున్నాడు. కొగురె మేస్త్రి స్క్రూడ్రైవరు పిడి మీద తన పళ్ళ గాట్లు మూడింటినీ బొటనవేలితో ఒకసారి తడిమి చూసుకున్నాడు.

నా వ్యానుకి తాడు కట్టి కారుని లాక్కొచ్చాను. వ్యాను ముందుసీట్లో ముగ్గురం ఇరుక్కున్నాం. దారి పొడుగునా వాళ్ళిద్దరికీ పోట్లాటే.

"నీ ఏడుపు ఆగిపోతుందని ఇన్నాళ్ళూ భరించాను!"

"మీరు టీవీకి అతుక్కుపోతారని నేను భరించాను!"

"కొన్యాకు పెట్టడం భరించడమా?"

మైకు ఆ చిన్న వ్యానులో, నా చెవి పక్కన. ఆ రోజు నా ఎడమ చెవి సగం పోయింది. మేస్త్రికి జతయ్యాను.

షెడ్డు చేరాక మేస్త్రి నిచ్చెన వేసుకున్నాడు. నెగిషి నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. ఆయన నాలుగో మర జోలికి పోలేదు. జేబులోంచి మూడు మరలు తీసి, ఒక్కొక్కటీ బిగించాడు.

"పంపు మార్చాలి. తర్వాత తనిఖీ" అన్నాడు పైనుంచి, మాతో కాకుండా బోర్డుతో చెబుతున్నట్టు. "మూడు పళ్ళున్నాయి. అవి ఊడినప్పుడు చూసుకుందాం." దిగి వచ్చి నావైపు తిరిగాడు. "నీ వ్యాను కూడా పెట్టి వెళ్ళు. ఏప్రిల్ నుంచి దాన్ని పళ్ళతో వినలేదు."

అప్పుడు నెగిషి నడుం పట్టుకుని వీధి మధ్యలోకి నడిచాడు. మైకు ఎత్తాడు. గొంతు సవరించుకున్నాడు. వాడు ఏం చెప్పబోతున్నాడో నాకు అర్థమైంది.

"ప్రజలందరికీ తెలియజేయడమేమనగా..."

ఈసారి ఒక నిమిషం ఆగాడు.

"ప్రమాదం... తొలగిపోయినది. ఎవరి పనులకు వారు వెళ్ళవచ్చును."

వీధి నిర్ఘాంతపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎవరూ వినని మాట అది. మంగలి షాపు గుమ్మంలో సగం గడ్డం గీయించుకుని నిలబడ్డవాడు లోపలికి పరుగెత్తాడు. ఎదురింటి ముసలావిడ కిటికీ మూసి గొళ్ళెం పెట్టింది. ఒకదాని తర్వాత ఒకటి షట్టర్లు దడదడా దిగిపోయాయి. ఎక్కడో ఒక తల్లి పిల్లల్ని పేర్లు పెట్టి పిలుస్తోంది. అర నిమిషంలో వీధి నిర్మానుష్యం. మైకు పట్టుకుని నెగిషి ఒక్కడే మిగిలాడు.

మేస్త్రి చెవి మిషను ఈల వేస్తోంది. దాన్ని తీసేసి నన్ను అడిగాడు.

"ఏమన్నాడు వాడు?"

కాగితం మీద రాశాను. "ప్రమాదమేమీ లేదంటున్నాడు."

మేస్త్రి రెండుసార్లు చదువుకున్నాడు. వీధి చివరిదాకా చూశాడు. కొండ వైపు చూశాడు.

"అయితే మనం కూడా లోపలికి పోదాం పద" అన్నాడు.